పనికి నాలుగు నక్షత్రాలు, బిల్లుకు ఒకటి

విడాకుల కేసులో నాలుగు నెలల పాటు నా తరఫున పనిచేసిన లాయరు కార్యాలయం గురించి ఇది. పేరు బయట పెట్టనని మాట ఇచ్చాను. అనుభవం రాయనని మాత్రం ఇవ్వలేదు.

పనిలో వంక పెట్టలేను. నేను ఏడుస్తూ చెప్పిన 11 ఏళ్ల కాపురాన్ని 9 పేజీల పిటిషన్‌గా, ఒక్క అనవసరపు మాట లేకుండా రాశారు. ఐదో నెల మొదట్లో నేనూ ఆయనా మధ్యవర్తి దగ్గర కూర్చుని బాబు విషయం, ఇంటి విషయం తేల్చుకున్నాం. పోరాటమే లేనప్పుడు దానికి లాయరు ఎందుకు? ఇకపై నా తరఫున పనిచేయనక్కర్లేదని మంగళవారం ఉదయం ఈమెయిల్ పంపాను. అప్పటిదాకా చేసిన పనికి డబ్బు ఇవ్వాలి, అందులో పేచీ లేదు.

పది రోజులకు తుది బిల్లు వచ్చింది. అడ్వాన్సు అంతా అయిపోయిందట, పైగా అందులో ఐదో వంతు నేనే బాకీనట. వివరం అన్నచోట ‘వృత్తిపరమైన సేవలు’ అని రెండే మాటలు. ఏ తేదీన, ఎవరు, ఏ పని, ఎంతసేపు చేశారో పద్దులవారీగా ఇమ్మని అడిగితే మూడు వారాలు పట్టింది. లెక్కలు తనిఖీ చేయడమే నా ఉద్యోగమన్న సంగతి వాళ్లకు గుర్తున్నట్టు లేదు. నా ఫోను కాల్స్ జాబితా పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఐదు నిమిషాలు కూడా దాటని కాల్స్ 22 ఉన్నాయి. ఒక్కొక్కటీ పావుగంటగా రాశారు, అంటే ఐదున్నర గంటలు. గంటను పది భాగాలు చేసి 6 నిమిషాల చొప్పున లెక్కించే కార్యాలయాలు ఉన్నాయి. ఆ కొలతతో అయితే 2 గంటల 12 నిమిషాలే. కానీ ‘కనీసం పావుగంట’ అని ఒప్పందం మూడో పేజీలో ఉంది, కింద నా సంతకమూ ఉంది. నోరు మూసుకున్నాను.

మూయనివి వేరే ఉన్నాయి. జూనియర్ చేసిన పనికి సీనియర్ రేటు వేశారు. నేను వద్దన్న మర్నాడు, బుధవారం, ‘కేసు వ్యూహ సమీక్ష’ 2 గంటలు. ఆ బిల్లు తయారు చేసినందుకు 45 నిమిషాలు! దీన్ని రెండుసార్లు చదివి గాని నమ్మలేదు.

‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అన్న షరతు చూపించారు. గంటల లెక్కన పనిచేసేటప్పుడు, చేయని పనికి తీసుకున్న సొమ్ము క్లయింటుకు తిరిగి ఇవ్వాలన్నది చాలా చోట్ల వృత్తి నియమం. కాగితం మీద ఏం రాసుకున్నా అన్ని చోట్లా చెల్లదు. బాకీ తీరేదాకా ఫైలు ఇచ్చేది లేదన్నారు. ఆ హక్కు లాయరుకు కొన్ని దేశాల్లో ఉంది, కొన్నింటిలో లేదు. ఈ బెదిరింపు వినగానే భయపడి డబ్బు కట్టేయకండి, మీ దగ్గర నియమం ఏమిటో ముందు కనుక్కోండి.

ఒప్పుకునే పద్దులు ఒకవైపు, ఒప్పుకోనివి కారణంతో మరోవైపు రాసి పంపాను. కుదరకపోతే న్యాయవాదుల సంఘం దగ్గర ఫీజు వివాదం వేస్తానని చివర ఒక వాక్యం చేర్చాను. గొంతు పెంచలేదు. మరో రెండు ఉత్తరాల తర్వాత బాకీ కొట్టేశారు, అడ్వాన్సులో ఎనిమిదో వంతు వెనక్కి ఇచ్చారు. నా లెక్క ప్రకారం ఆరో వంతు రావాలి. అక్కడితో ఆపేశాను, ఓపిక అయిపోయింది.

ఫైలు అట్టపెట్టెలో వచ్చింది. అడుగున మా పెళ్లి ఫొటో, వెనుక ‘అనుబంధం 4’ అని ముద్ర. దానికి నకలు తీసినందుకు బిల్లులో పావుగంట ఉంది. ఆ పద్దు మీద మాత్రం నేను అభ్యంతరం రాయలేదు.