విండోస్ వేయకుండానే నా ప్రింటర్ బాగు చేసిన గుంటూరు సర్వీసు

ఇంట్లో టెన్త్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను, వారం వారం పరీక్ష పేపర్లు ప్రింట్ తీయాలి. కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్, హాల్లో వైఫై లేజర్ ప్రింటర్. రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ఈ ఎండాకాలం కరెంటు పోవడం మొదలైన దగ్గర్నుంచి మాత్రం ప్రింట్ ఇస్తే పేపరు రాదు, ప్రింటర్‌ని తీసేసి మళ్ళీ యాడ్ చేస్తే వస్తుంది, నాలుగు రోజులకు మళ్ళీ మొదటికే. పిల్లలు వచ్చే వేళకు పేపర్లు లేక ఎంత టెన్షన్ పడ్డానో.

మొదట వెళ్ళిన షాపులో (పేరు వద్దులెండి) సీపీయూ ఆన్ కూడా చేయకుండా "లైనక్స్‌కి ప్రింటర్లు పనిచేయవు మేడమ్, విండోస్ వేసేద్దాం" అన్నారు. నాకు కోపం వచ్చింది. లైనక్స్‌లో ప్రింటింగ్ పని చూసే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ 1999 నుంచి ఉంది, యాపిల్ మ్యాక్‌లో కూడా ప్రింటింగ్ నడిచేది దాని మీదే. రెండేళ్ళు నడిచిన దాన్ని పనిచేయదంటే ఎలా?

తర్వాత అరండల్‌పేటలో మేడ మీద ఉన్న చిన్న సర్వీసుకు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్నే "కరెంటు పోయి వచ్చాకే ఇలా అవుతోందా మేడమ్?" అని. సాయంత్రం ఇంటికొచ్చి టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండో) ఎల్‌పీస్టాట్ మైనస్ వి (lpstat -v) అని కొట్టాడు, ఉబుంటు మా ప్రింటర్‌ని ఏ అడ్రస్‌లో వెతుకుతోందో కనబడింది. ప్రింటర్ బటన్ నొక్కి నెట్‌వర్క్ రిపోర్ట్ పేజీ తీస్తే అందులో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కి రూటర్ ఇచ్చే నంబరు) వేరే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ మళ్ళీ మొదలై ప్రింటర్‌కి కొత్త నంబరు ఇస్తోంది, ఉబుంటు మాత్రం పాత నంబరుకే పంపుతూ ఉంది, అంతే జరిగింది! డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తప్పు లేదు, ప్రింటర్ తప్పూ లేదు.

రూటర్ సెట్టింగుల్లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి (ప్రింటర్‌కి ఉండే సొంత గుర్తింపు నంబరు) ఒకే ఐపీ ఎప్పటికీ ఉండేలా కట్టేశాడు. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:631 అనే కప్స్ సెట్టింగుల పేజీ తెరిచి పాత ఎంట్రీ తీసేసి, ఐపీపీ ఎవ్రీవేర్ పద్ధతిలో కొత్తగా పెట్టాడు. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ తీసే ప్రింటర్లు చాలావరకు ఇలా విడిగా డ్రైవర్ లేకుండానే లైనక్స్‌లో నడుస్తాయట, కొనేటప్పుడే అది చూసుకోమన్నాడు. ప్రింట్ల క్యూ ఆగిపోతే ఆ 631 పేజీలోనే మళ్ళీ నడిపించడం ఎలాగో నా చేత రెండుసార్లు చేయించాడు. నాకు బాగా నచ్చింది ఇదే. పని చేసి డబ్బు తీసుకుని వెళ్ళిపోవచ్చు, కానీ ఎందుకు చెడిందో కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు, మా పిల్లలకు నేను లెక్క చెప్పినట్టు.

400 రూపాయలు తీసుకున్నారు. నెలన్నర అయింది, ఎన్నిసార్లు కరెంటు పోయినా పేపర్లు ఆగలేదు. చెప్పిన టైముకి గంట ఆలస్యంగా వచ్చారు, అది ఒక్కటే లోటు. ఆదివారం తీయరు. పిలిచే ముందు రూటర్ లాగిన్ పాస్‌వర్డ్ వెతికి దగ్గర పెట్టుకోండి, వైఫైది కాదు, రూటర్‌ది. మా ఇంట్లో అది దొరక్క ఆ అబ్బాయి అరగంట ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది.