సీటెడ్ కాఫ్ రైజ్ మెషిన్: పిక్కలు నిజంగా పెరుగుతాయా?
కూర్చుని, మోకాళ్ల మీద బరువుతో మడమలు పైకెత్తే ఈ మెషిన్‌ని జిమ్‌లో నాలుగు నెలలు వాడాక రాస్తున్నా. మోకాళ్ల మీద ప్యాడ్ మెత్తగా బానే ఉంది కానీ పాదం పెట్టే ప్లేట్ మరీ కిందకుంది, మడమ పూర్తిగా దిగకముందే నేలకి తగిలిపోద్ది, అసలు పిక్క సాగాల్సింది అక్కడే కదా! ఇంకోటి, మోకాలు మడిచి కూర్చుంటే పిక్కలో పైకి కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్ కండరం వదులైపోయి లోడు ఎక్కువగా దాని లోపలున్న సోలియస్ కండరం మీదే పడుద్ది, అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. నేనైతే ముందు మెట్టు అంచు మీద నిలబడి ఒంటికాలితో 12 చొప్పున 3 సెట్లు, కింద 2 సెకన్లు ఆగి మరీ చేసి, తర్వాతే దీని మీద 15-20 రెప్స్ కొడుతున్నా. బరువు ఎక్కువేసి ఎగిరెగిరి చేసేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది, చాలా పని పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండనే స్ప్రింగులా చేసేస్తుంటే పిక్కకేం మిగులుద్ది? 5కి 3 స్టార్లు, అదీ ప్యాడ్ కోసం.