అట్టపెట్టె విప్పక ముందే తూచండి: పార్సిల్‌లో సరుకు తక్కువ వచ్చిన ఒక కొనుగోలుదారు హెచ్చరిక

ఆన్‌లైన్‌లో ఒకే రకం వస్తువును పదుల సంఖ్యలో కొనేవారు, ముఖ్యంగా శుభకార్యాలకు రిటర్న్ గిఫ్టులు తెప్పించుకునేవారు, ఈ అనుభవాన్ని ఓపికగా చదవాలని కోరుతున్నాను. సరుకు తక్కువ వచ్చిందని మనం చెప్పినప్పుడు కొరియర్ లేబుల్ మీద ముద్రించిన బరువును చూపించి "అంతా పంపాము, చూడండి" అని తోసిపుచ్చే అమ్మకందారులు ఉన్నారు. ఆ బరువు చాలాసార్లు పెట్టెలో ఉన్న సరుకు బరువు కానేకాదు. ఈ కిటుకు నాకు తెలియడానికి కారణం నేనూ ఆన్‌లైన్‌లో అమ్మేవాడినే కావడం. తెలియకపోయి ఉంటే నేనూ డబ్బు వదులుకుని ఊరుకునేవాడిని.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. కొమ్ముతో చేసిన దువ్వెనలు, కొంగల, చేపల బొమ్మలు కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. మా చెల్లెలి కాపురం ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో. ఆటోలో వెళ్లి వచ్చేంత దగ్గరే అయినా మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. మా పిన్‌కోడు 761తో, వాళ్లది 532తో మొదలవుతుంది. మేనకోడలి ఓణీల వేడుకకు వచ్చే ముత్తైదువులకు ఇవ్వడానికి ఇత్తడి కుంకుమ భరిణెలు 60 కావాలని చెల్లెలు అడిగితే, ఒక్కొక్కటి 145 రూపాయల చొప్పున 8,700 రూపాయలు ముందే చెల్లించి, నా ఖాతాలో ఆర్డరు పెట్టి, పాతపట్నం చిరునామా ఇచ్చాను. ఆర్డరు ఒక రాష్ట్రంలో, డెలివరీ ఇంకో రాష్ట్రంలో అన్న ఈ ఏర్పాటు సరిహద్దు ఊళ్లలో మనందరికీ మామూలే గాని, తర్వాత ఇదే నాకు ఒక చిక్కు తెచ్చిపెట్టింది.

పార్సిల్ వచ్చిన రోజు బావగారు పొలం పనిమీద వెళ్లారు. చెల్లెలు ఓటీపీ చెప్పి పెట్టె తీసుకుంది. ఆమె వంటింట్లోకి వెళ్లి వచ్చేలోగా పిల్లలు కత్తెరతో టేపు కోసి, భరిణెలన్నీ చాప మీద పరిచేశారు. నాలుగేసి భరిణెలను ఒక పాత వార్తాపత్రికలో చుట్టి పొట్లాలుగా కట్టారు. అలాంటి పొట్లాలు పదిహేను ఉండవలసింది, పదకొండే ఉన్నాయి. అంటే 60కి 44. ఖాళీ జాగాలో నలిపిన కాగితాలు కూరారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సరుకు తక్కువ ఉందని అనుకోగానే ఫిర్యాదు చేయవద్దు, ముందుగా చుట్టిన కాగితాలన్నీ విప్పి చూడండి. నా దగ్గర కొన్నవారిలో ఇద్దరు ముగ్గురు దువ్వెన రాలేదని కోపంగా రాసి, మర్నాడు చెత్తబుట్టలోని కాగితం మడతలో అది దొరికిందని సిగ్గుపడుతూ చెప్పారు. అందుకే ఒక్క కాగితం కూడా పారేయవద్దని చెల్లెలికి ఫోనులో చెప్పి నేనే పాతపట్నం వెళ్లి ప్రతి ముక్కా విప్పి చూశాను. పదహారు భరిణెలు నిజంగానే లేవు.

ఆ సాయంత్రమే ఫొటోలతో ఫిర్యాదు పెట్టాను. అమ్మకందారు నుంచి మొదట వచ్చిన జవాబు, తాము అరవై లెక్కపెట్టే ప్యాక్ చేశామని. ఆ ప్యాకింగ్ వీడియో చూపించమంటే జవాబు లేదు. మూడో రోజున, పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో లేదు గనుక ఫిర్యాదు తిరస్కరించామన్నారు. నేను మళ్లీ రాస్తే, ఫిర్యాదు పెట్టినవారు డెలివరీ చిరునామాలో ఉండేవారు కారు కదా అని కొత్త అభ్యంతరం తీశారు. ఆర్డరు పెట్టింది నేను, డబ్బు కట్టింది నేను, బిల్లు నా పేరు మీదే ఉంది అని చెప్పాక, చివరి అస్త్రంగా కొరియర్ లేబుల్ ఫొటో పంపారు. దాని మీద బరువు 6 కిలోలని ఉంది. ఆరు కిలోల పార్సిల్‌లో నలభై నాలుగే ఉన్నాయంటే ఎవరు నమ్ముతారని అడిగారు.

సరిగ్గా ఇక్కడే చాలామంది ఆగిపోతారు. లేబుల్ మీద అంకె కనబడుతోంది, మన దగ్గర వీడియో లేదు, ఇంట్లోనే ఎవరో తీసి ఉంటారేమోనని మనవాళ్లనే అనుమానించడం మొదలుపెడతాం. మా ఇంట్లోనూ పాపం పిల్లల సంచులు వెతికారు.

కొరియర్ కంపెనీలు రెండు రకాల బరువులు చూస్తాయి. కాటా మీద పెడితే వచ్చేది అసలు బరువు. అమ్మకందారుల భాషలో డెడ్ వెయిట్. పెట్టె బండిలో ఆక్రమించే జాగాను బట్టి లెక్కగట్టేది వాల్యూమెట్రిక్ వెయిట్. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తే కిలోలలో ఆ బరువు వస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము వసూలు చేస్తారు. దూది దిండు పంపినా పెద్ద పెట్టెలో పెడితే నాలుగైదు కిలోలకు డబ్బు కట్టవలసి రావడం ఇందువల్లనే. మా పెట్టెను టేపుతో కొలిస్తే పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 25 సెంటీమీటర్లు ఉంది. గుణిస్తే 30,000, దానిని 5000తో భాగిస్తే సరిగ్గా 6. లేబుల్ మీది ఆరు కిలోలు గాలితో సహా పెట్టెకు వేసిన వెల మాత్రమే. అందులో అరవై భరిణెలు పెట్టినా, నలభై నాలుగు పెట్టినా, ఉత్త కాగితాలు పెట్టినా లేబుల్ మీద ఆరే పడుతుంది.

మర్నాడు భరిణెలను, కాగితాలను ఎలా వచ్చాయో అలాగే పెట్టెలో సర్ది, వీధి చివరి కిరాణా దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాను. మొత్తం 3 కిలోల 960 గ్రాములు తూగింది. ఒక్కొక్క భరిణె 80 గ్రాములు, ఖాళీ పెట్టె, కాగితాలు కలిపి 440 గ్రాములు. ఈ లెక్కన అరవై భరిణెలూ ఉండి ఉంటే 5 కిలోల 240 గ్రాములు తూగాలి. ఏ విధంగా చూసినా ఆరు కిలోలు రాదు. కాటా అంకె కనబడేలా ఫొటోలు తీసి, పెట్టె కొలతలతో కలిపి పంపి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: కొరియర్ వారు మొదటి హబ్‌లో, అంటే పార్సిళ్లను పోగుచేసి పంపే కేంద్రంలో, తూచినప్పుడు నమోదైన అసలు బరువు ఎంత? దానికి అమ్మకందారు నుంచి జవాబు రాలేదు.

అప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, 1915 నంబరుకు, ఫోను చేశాను. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. సరిహద్దులో ఉండి ఏ కస్టమర్ కేర్‌కు ఫోను చేసినా పిన్‌కోడును బట్టి ఒడియాలోనో హిందీలోనో పలకరింపు వినే మనలాంటివారికి ఇది చిన్న ఊరట కాదు. ఆ ఫిర్యాదు సంఖ్యను జతచేసి, నేను కొన్న వెబ్‌సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థకూ అలాంటి అధికారి ఉండాలి, ఆయన పేరూ సంప్రదించే విధానమూ వెబ్‌సైటులో కనబడాలి, ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. సరుకు లోపంగా ఉన్నా, ఒప్పుకున్న ప్రకారం లేకపోయినా డబ్బు వాపసు ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించరాదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. విప్పేటప్పటి వీడియో లేకపోతే ఫిర్యాదే చెల్లదన్న షరతు ఆ నిబంధనల్లో లేదు; అది అమ్మకందారులు లేబుల్ పక్కన అంటించుకునే చీటీ మాత్రమే.

జవాబు రావడానికి దాదాపు నెల పట్టింది. మొదటి హబ్‌లో ఆ పార్సిల్ అసలు బరువు 3.95 కిలోలుగా నమోదైంది. అంటే దారిలో ఎవరూ తీయలేదు, మా పిల్లలూ తీయలేదు. పెట్టె అక్కడ బయలుదేరినప్పుడే నాలుగు పొట్లాలు తక్కువగా బయలుదేరింది. పదహారు భరిణెలకు 2,320 రూపాయలు నా ఖాతాలో వేశారు. వేడుక ఈలోగా అయిపోయింది. చివరి వరుసలో కూర్చున్న ముత్తైదువులకు చెల్లెలు జాకెట్టు ముక్కలు పెట్టి పంపింది.

దీనిని నేను మోసం అనలేను. దొంగతనం చేయదలచినవాడు కచ్చితంగా నాలుగు పొట్లాలే తగ్గించి మిగతా జాగాలో కాగితాలు కూరడు; ప్యాక్ చేసే కుర్రవాడు పొట్లాల లెక్క తప్పి ఉంటాడు. నా అభ్యంతరం ఆ పొరపాటు మీద కాదు, పొరపాటు జరిగి ఉండవచ్చునని ఒక్కసారి కూడా అనుకోకుండా, తమకు తెలిసిన లెక్కనే మనకు తెలియదన్న ధీమాతో ఆ ఆరు కిలోల అంకెను మన ముందు పెట్టడం మీద. రోజూ పార్సిళ్లు పంపేవారికి వాల్యూమెట్రిక్ బరువంటే ఏమిటో తెలియకుండా ఉండదు.

అబద్ధపు ఫిర్యాదులు చేసే కొనుగోలుదారులు లేరని నేను అనడం లేదు. నాకూ తగిలారు. ఆ చేదుతోనే ఒకసారి రాయగడ నుంచి ఒకావిడ ఆరు దువ్వెనల్లో రెండు రాలేదని రాస్తే, మేము సరిగానే పంపామమ్మా అని ముక్తసరిగా జవాబిచ్చాను. వారం తర్వాత దుకాణం ఊడుస్తుంటే ప్యాకింగ్ బల్ల కింద ఆ రెండు దువ్వెనలూ కనిపించాయి. క్షమించమని రాసి వాటిని స్పీడ్ పోస్టులో పంపాను గాని, ఆమె మళ్లీ నా దగ్గర ఏమీ కొనలేదు. అప్పటినుంచి ప్రతి పార్సిల్‌నూ మూసేముందు వస్తువులన్నీ కనబడేలా ఒక ఫొటో, మూసిన తర్వాత కాటా మీద ఒక ఫొటో తీసి ఆర్డరు సంఖ్యతో దాచుకుంటున్నాను. లోపల ఎన్ని వస్తువులున్నాయో, మొత్తం ఎంత తూగిందో రాసిన చీటీ పెడుతున్నాను. ఎవరైనా తక్కువ వచ్చిందంటే వీడియో అడగను. పెట్టెను ఉన్నది ఉన్నట్టు తూచి, ఆ అంకె, పెట్టె ఆరు వైపులా ఫొటోలు పంపమంటాను. నా బరువుకూ వారి బరువుకూ మధ్య తేడా తప్పిన వస్తువు బరువుకు సరిపోతే తప్పు నాదో కొరియర్‌దో అవుతుంది. దువ్వెన తేలిక గనుక గ్రాముల కాటా ఉండాలి, అంతే.

కొనేవారు చేయవలసింది ఇంతకంటే సులువు. పది వస్తువులకు మించిన పార్సిల్ ఏదైనా సరే, విప్పక ముందే తూచి ఫొటో తీసుకోండి. ఇంట్లో కాటా లేకపోతే కిరాణా దుకాణంలో ఉంటుంది. వీడియో తీయగలిగితే మరీ మంచిది, ముందు లేబుల్, తర్వాత టేపు అతుకులు, ఆపైన లోపలి సరుకు ఆగకుండా కనబడాలి. టేపు మీద టేపు వేసినట్టు ఉన్నా, అమ్మకందారు పేరున్న టేపు మధ్యలో మామూలు టేపు కనబడినా డెలివరీ కుర్రవాడు ఉండగానే ఫొటో తీయండి. ఓటీపీ చెప్పడం పార్సిల్ చేతికి అందిందని ఒప్పుకోవడమే గాని లోపలి లెక్కకు ఒప్పుకోవడం కాదు, కాబట్టి ఓటీపీ చెప్పారుగా అన్న మాటకు వెనక్కి తగ్గవద్దు. తగాదా తేలేవరకు పెట్టెనూ కాగితాలనూ పారేయవద్దు.

సరిహద్దు ఊళ్లవారికి ఇంకొక్క విషయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, అమ్మకందారు ఏ నగరంలో ఉన్నా, మనం నివసించే లేదా పనిచేసే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. డెలివరీ శ్రీకాకుళం జిల్లాలో జరిగినా నేను గజపతి జిల్లాలోనే వేసుకోగలను. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు, వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు.

నాకు ఇంకా రావలసింది రవాణా రుసుములో 190 రూపాయలు. లేని సరుకు మోసినందుకు నా దగ్గర తీసుకున్న భాగం ఎందుకు ఇవ్వరని మళ్లీ రాశాను, అది నడుస్తోంది. అందుకే ఆ అట్టపెట్టె, నలిపిన కాగితాలతో సహా, ఇంకా మా దుకాణం అటక మీదే ఉంది.