పాత టకుమార్ లెన్స్: ఒక పూత చాలా, ఏడు పూతలు కావాలా?

నా దగ్గర పాత ఫిల్మ్ కెమెరాలకు అసాహి పెంటాక్స్ చేసిన టకుమార్ లెన్సులు రెండున్నాయి. రెండూ 55 ఎంఎం, ఎఫ్ 1.8, అంటే ఒకే కొలతవి. ఒకటి సూపర్ టకుమార్, గాజు వెలుగును వెనక్కి కొట్టకుండా వేసే కోటింగ్ (పూత) దానికి ఒక్కటే. రెండోది అసాహి పెంటాక్స్ 1971లో మొదలుపెట్టిన ఏడు పూతల రకం. ట్యూబ్‌లైటు కింద పట్టుకుని కొంచెం వంచితే తేడా తెలిసిపోతుంది. మొదటిదాంట్లో లైటు ప్రతిబింబాలు లేత నీలంగా, కాషాయంగా మెరుస్తాయి. రెండోదాంట్లో ముదురు రంగులో, లోపల గాజే లేదేమో అన్నంత తక్కువగా కనిపిస్తాయి.

పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. ఒక పూతతో అది ఒకటిన్నర శాతానికి, ఏడు పూతలతో 0.2 శాతం దగ్గరికి దిగుతుంది. ఈ లెన్సు లోపలి గాజు ముక్కలన్నిటికీ కలిపి గాలి తగిలే ముఖాలు పది. అంటే వెలుగు అటూ ఇటూ ఎగరడానికి 45 జతలు! అలా రెండుసార్లు తిరిగిన వెలుగే ఫిల్మ్ మీద పల్చటి తెరలా పరుచుకుని నలుపును బూడిద రంగు చేస్తుంది. ఒక పూతతో పోలిస్తే, ఏడు పూతలతో ఆ వెలుగు దాదాపు యాభయ్యో వంతుకు పడిపోతుంది.

చెన్నైలోని జాలరుల పేట నొచ్చికుప్పం దగ్గర తెల్లవారుజామున సూర్యుడికి ఎదురుగా నిలబడి పడవను రెండింటితోనూ తీశాను. ఏడు పూతల లెన్సుతో తీసిన ఫొటోలో పడవ అడుగు నిజంగా నల్లగా ఉంది, దాని మీద వేలాడే వల తాడు కూడా విడిగా కనిపించింది. ఒక పూతదాంట్లో తాడు, పడవ కలిసిపోయాయి.

కానీ మైలాపూర్ మాడ వీధిలో, మిట్టమధ్యాహ్నం, ఎండ వీపు మీద పడుతుంటే రెండింటికీ తేడా వెతకాల్సిందే. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కైతే ఒక పూత లెన్సే నాకిష్టం. పూల కొట్టు పందిరి కింది నీడ మరీ నల్లటి ముద్దగా మారదు. హుడ్ (పక్క వెలుగు పడకుండా లెన్స్ ముందు తగిలించే గొట్టం) మాత్రం తప్పనిసరి. కలర్ ఫిల్మ్ వేస్తే, ఎదురెండలో తీస్తే, లేదా ఒకే లెన్స్ కొనగలిగితే ఏడు పూతలదే తీసుకోండి.

అన్నిటికన్నా ముందు వెనకనుంచి టార్చి వేసి చూడండి. లోపల మసక, ఫంగస్ దారాలు ఉంటే ఏడు పూతలూ వృథా. శుభ్రంగా ఉన్న ఒక పూత లెన్సే దాన్ని ఓడిస్తుంది. చెన్నై గాలి తేమకి నేనలా ఒక మంచి లెన్సు పోగొట్టుకున్నాను. ఇప్పుడు మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో పెడుతున్నాను, అక్టోబర్ వానలకు ముందే ప్యాకెట్లు మారుస్తాను.