అమెరికాలో పోలీసు హద్దు మీరితే: ఫిర్యాదా, దావానా?

శాఖలోని అంతర్గత విచారణ విభాగానికి ఫిర్యాదు చేయడానికి ఖర్చు లేదు, లాయరూ అక్కర్లేదు. మందలింపు నుంచి ఉద్యోగం ఊడేదాకా శిక్ష పడొచ్చు. బాధితుడికి మాత్రం డబ్బేమీ రాదు. పైగా విచారించేది తోటి పోలీసులే!

సివిల్ దావా సంగతి వేరు. 1871 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1983 కింద నష్టపరిహారం అడగొచ్చు, కోర్టు ద్వారా రికార్డులు బయటికి లాగొచ్చు. పెద్ద అడ్డంకి 'క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ'. అలాంటి పని హక్కుల ఉల్లంఘన అని చట్టంలో ముందే స్పష్టంగా తేలి ఉండకపోతే అధికారి బయటపడతాడు. బాధితుడు గెలిచినా పరిహారం చెల్లించేది సాధారణంగా నగరమే, అధికారి జేబులోంచి కాదు. అధికారి దావా ఓడినంత మాత్రాన శాఖ అతన్ని శిక్షించాలనీ లేదు.

నేనైతే రెండూ వేయమంటాను. కాకపోతే ముందు లాయరుని కలవాలి, ఫిర్యాదులో చెప్పిన మాటే దావాలో ఎదురు తిరగొచ్చు.