ఐదేళ్ల వాడకం తర్వాత ఓబీడీ స్కానర్ గురించి

బండి పోర్టులో గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ ఇది. నా పెట్రోల్ పికప్ ట్రక్కుకు ఐదేళ్లుగా వాడుతున్నాను.

కొన్న కారణం మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం. ఐడిల్లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే నడుస్తుంటే, బాగానే ఉండేది, లోడు వేసి ఎత్తు ఎక్కితే మాత్రం బండి జర్క్ కొట్టేది. అంతకుముందే అంచనా మీద ప్లగ్గులన్నీ మార్చేశాను, తగ్గలేదు. ఓ రోజు చెక్ ఇంజిన్ లైటు మెరవడం మొదలైంది. ఆ లైటు నిలకడగా వెలిగితే చూసుకోవచ్చు గానీ, మెరుస్తుంటే కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసేయాలి. కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండి దాన్ని కరిగించేస్తుంది.

స్కానర్ పీ0304 అని చూపించింది. అంటే నాలుగో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఎందుకన్నది అది చెప్పదు. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే నాలుగో కాయిల్‌ను రెండో సిలిండరుకు మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ అదే ఎత్తు ఎక్కించాను. ఈసారి పీ0302 వచ్చింది. తప్పు కాయిల్‌తో పాటే కదిలిందన్నమాట. విప్పి చూస్తే కాయిల్ రబ్బరు బూట్ (తొడుగు) లోపల సన్నటి కార్బన్ గీత. స్పార్క్, ప్లగ్గు కొనకు చేరకుండా ఆ దారిన ఇంజిన్ హెడ్‌కు దూకుతోంది. కోడ్ నాలుగులోనే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ చూడాల్సి వచ్చేది. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే పాత అలవాటు మాత్రం మానేయండి. వేల వోల్టులు చేతికి తగలొచ్చు, కాయిల్ కూడా పాడవుతుంది.

రెండేళ్ల తర్వాత పీ0300 వచ్చింది. ఇదొక్క సిలిండర్ గొడవ కాదు. ఇంజిన్ నడుస్తుండగానే అంకెలు చూపే లైవ్ డేటా ఇక్కడే పనికొచ్చింది. ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె, ఐడిల్లో 20 శాతం పైన ఉంది, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు దిగింది. అంటే గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి వస్తోంది. వెతికితే పగిలిన వాక్యూమ్ గొట్టం దొరికింది. ఇగ్నిషన్‌ది తప్పే లేదు.

లోపాలూ ఉన్నాయి. బ్లూటూత్ మధ్యమధ్యలో తెగిపోతుంది. పోర్టులోనే వదిలేసి బండిని వారాలపాటు ఆపేస్తే బ్యాటరీ దిగిపోతుంది, నాకు రెండుసార్లు అయింది. కోడ్ చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. మిస్‌ఫైర్ జరిగిన క్షణంలో వేగం, లోడు, ఇంజిన్ వేడి ఎంతో అందులోనే ఉంటాయి కాబట్టి ముందు ఫొటో తీసి పెట్టుకోండి.

ఇది పాడైతే మళ్లీ ఇలాంటిదే కొంటాను.