ఉప్పునీటి ట్యాంకుకు ఏటీఓ: రెండు ఎండకాలాలు నడిపినంక

పగడాల ట్యాంకు కొత్తగా పెట్టేటోళ్లు లైట్ల గురించే పదిసార్లు అడుగుతరు. వరంగల్ ఎండలకు ముందు అడగాల్సింది ఏటీఓ (ఆటో టాప్ ఆఫ్) గురించి, అంటే ఆవిరైనన్ని ఉప్పులేని నీళ్లు డబ్బాల నుంచి తనంతట తానే పోసే పరికరం. ఇక్కడ చెప్పేది ఫ్లోట్ స్విచ్ రకం, నీళ్లు దిగితే తేలే ముక్క కిందికి జారి పంపును నడిపిస్తది. సంప్‌తో (ట్యాంకు కింద పంపు, ఫిల్టర్లు ఉండే తొట్టి) కలిపి 200 లీటర్ల నీళ్లున్న ట్యాంకు ఇది.

చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మిషన్) లేకుండ ఫ్యాన్లతోనే చల్లబరుస్తే రోహిణి కార్తెల రోజుకు ఐదారు లీటర్లు ఆవిరైతయి. నీళ్లు పోతయి, ఉప్పు పోదు. రెండ్రోజులు పొయ్యకపోతే 35 పీపీటీ (వెయ్యి పాళ్లల్ల 35 పాళ్ల ఉప్పు) ఉన్న సెలినిటీ 37 అయితది. మొదటి ఏడాదంతా ఈ పరికరం సెలినిటీని 35 దాటనియ్యలేదు. దీన్ని కొనమని అందరికీ చెప్పిన. ఇప్పుడైతే ఒక్క షరతు పెట్టి చెప్త.

రెండో ఎండకాలం ఫ్లోట్ ఇరికింది. దాని రాడ్డు చుట్టూ ఉప్పు, సున్నం కలిసి తెల్లటి పట్టీ కట్టింది. వేలితో రుద్దితే ఇసుక లెక్క గరగర. ఫ్లోట్ కిందనే ఆగితే పంపుకు నీళ్లు తక్కువున్నట్టే లెక్క. 20 లీటర్ల డబ్బా రాత్రికి రాత్రి ఖాళీ అయి సెలినిటీ 32కు పడ్డది, టార్చ్ కోరల్ అనే పగడం ముడుచుకుంది. సంప్‌ల నీళ్లు లేస్తే స్కిమ్మర్ (నురగతోని మురికి తీసే పరికరం) కప్పు పొంగుతది, ముందు కనబడే గుర్తు అదే.

అప్పుడు కంగారుపడి ట్యాంకుల ఉప్పు వెయ్యొద్దు. సంప్ పొంగి నేల మీద పోకుంటే ఉప్పంతా లోపల్నే ఉంటది. స్కిమ్మర్, ఏటీఓ రెండూ బందు పెడితే నాలుగు రోజుల్ల ఆ 20 లీటర్లు ఆవిరై సెలినిటీ మెల్లగ దాని జాగకు అదే వస్తది. పగడాలకు కూడ ఆ నిదానమే మంచిది.

డబ్బా ఎంత పెద్దదైతే అంత సుఖం అనుకుంటం గని, మొత్తం నీళ్లల్ల పదో వంతు దాటొద్దు. 50 లీటర్ల డబ్బా పెట్టి ఉంటే సెలినిటీ 28కి దిగేది. గాలిదుమారానికి కరెంటు పోతే పైట్యాంకు నీళ్లు కూడ సంప్‌లకే దిగుతయి, డబ్బా నీళ్లకు, ఆ నీళ్లకు కలిపి సరిపోను అండ్ల ఖాళీ ఉంచాలె. ఫ్లోట్‌ను రిటర్న్ పంపు (నీళ్లను పైట్యాంకుకు ఎక్కించేది) గదిలనే బిగించాలె, స్కిమ్మర్ గదిల నీటిమట్టం మామూలుగ మారదు. పైపు కొస సంప్ నీళ్లల్ల మునగొద్దు, డబ్బాల నీటిమట్టం కన్న పైననే ఉండాలె. ఆ మట్టం కన్న కిందుంటే పంపు ఆగినా సైఫన్ గుంజుతనే ఉంటది.

వంటింటి ఆర్వో నీళ్లు పొయ్యకండి. టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన ఉప్పులు, ఖనిజాలు) సున్నా ఉన్న ఆర్వో డీఐ నీళ్లే, అంటే ఆర్వో తర్వాత మిగిలిన ఖనిజాలను కూడ తీసేసిన నీళ్లే పొయ్యాలె, లేకుంటే ఆవిరైనకొద్దీ మిగిలింది ట్యాంకుల పేరుకుంటది.

పొద్దున, మాపున నీళ్లు పోసే మనిషి ఇంట్ల ఉంటే ఇది కొనకున్నా నడుస్తది. తాళమేసి ఊరికి పోయే ఇల్లయితే నీళ్లు ఎక్కువైతే పంపును ఆపే రెండో ఫ్లోట్ పైన ఉన్నదే తీసుకోండి. నెలకోసారి స్విచ్చిని వెనిగర్ కలిపిన నీళ్లల్ల అరగంట నానేసి కడగండి. ఊరికి పోయేముందు ఫ్లోట్‌ను వేలితో లేపి వదిలి చూడండి, అది తనంతట తానే కిందికి జారాలె.